చుక్కాని మీ చేతికి అందుతోందా?

పడవలు కొనేవాళ్ళమా మనం, మనకెందుకీ గొడవ అని పేజీ తిప్పేయకండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తీరా దిగాక తెలిసింది, అది పడవ గొడవ ఒక్కటే కాదని.

పోయిన ఏడాది ఏప్రిల్లో మా చెల్లెలి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది మేరీల్యాండ్ రాష్ట్రంలో, అనాపొలిస్ అనే ఊరికి అరగంట దూరంలో. నేను పట్టుకెళ్ళిన ఆవకాయ, కందిపొడి ఇంకా సర్దుకోనైనా లేదు, "అక్కా, సమయానికి వచ్చావు. మా ఇద్దరికీ ఒక పంచాయితీ తెగడం లేదు. నువ్వే తీర్చాలి" అంది. పిల్ల చదువు గురించో, ఇల్లు మారడం గురించో అనుకున్నాను. రెండు ఫోటోలు తెచ్చి నా ముందు పెట్టింది. రెండూ తెల్లటి తెరచాప పడవలు. రెండూ పాతవే. ఒకటి 27 అడుగుల పొడవు, ఇంకోటి 36. ఏది కొనాలన్నదే ఆ పంచాయితీ.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దవాళ్ళు చెప్పింది మీకోసమే" అని నవ్వేశాను. మా మరిది మాత్రం నవ్వలేదు. "వదినగారూ, ఇది చిన్న విషయం కాదు. ఆరునెలలుగా చూస్తున్నాం" అన్నాడు.

పడవంటే పడవ కాదు, చిన్న ఇల్లు

అనాపొలిస్ ఉన్నది చెసపీక్ బే అనే పెద్ద అఖాతం ఒడ్డున. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 200 మైళ్ళ పొడవు. ఎన్నో నదులు అందులోకి వచ్చి కలుస్తాయి. లోపలికి చొచ్చుకుపోయిన చిన్న చిన్న పాయలు లెక్కలేనన్ని. మన కోనసీమ పిల్లకాలువలు, గోదావరి పాయలూ అన్నీ సముద్రమంత వెడల్పైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎండాకాలం శని, ఆదివారాలు ఆ నీటి మీద కొంగలు వాలినట్టు ఎటు చూసినా తెల్ల తెరచాపలే. అక్టోబర్లో ఏటా పడవల ప్రదర్శన కూడా జరుగుతుంది.

మా వాళ్ళు కొనాలనుకున్నది 'క్రూజింగ్' పడవ. అంటే పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేది మాత్రమే కాదు. ఏ పాయలోనో లంగరు దించుకుని రాత్రి అందులోనే వండుకు తిని పడుకోవచ్చు. పరుపులు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ లోపలే. గాలి లేనప్పుడు నడపడానికి ఒక ఇంజను. అడుగున చేపకి కింది రెక్కలాగా బరువైన రెక్క ఒకటి ఉంటుంది, కీల్ అంటారు. గాలికి పడవ పక్కకి ఒరిగినా తిరగబడకుండా నిలబెట్టేది అదే.

కొత్తవి మనలాంటి ఉద్యోగస్తులు కొనగలిగేవి కావు. అందుకే పాతవి చూస్తారు. పడవ ఒళ్ళంతా ఫైబర్ గ్లాసు కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటే నలభై ఏళ్ళ తర్వాత కూడా నీటి మీద ఉంటుంది. వీళ్ళు చూసిన రెండూ 1980ల నాటివే. చిన్నదానికి అడిగిన ధర 9 వేల డాలర్లు. పెద్దదానికి 38 వేలు.

మా మరిది మనసు పెద్దదాని మీద ఉంది. అతని వాదన తీసిపారేసేది కాదు. అందులో మనిషి నిటారుగా నిలబడొచ్చు. వేణ్ణీళ్ళొస్తాయి. తలుపున్న గదులు రెండు. బరువైన పడవ కాబట్టి కెరటాలకి ఊగడం తక్కువ. "రేపు అత్తయ్యగారు, మావయ్యగారు వస్తే ఎక్కడ పడుకుంటారు?" అన్నది అతని ఆఖరి అస్త్రం.

ఈ విషయం ఆ రాత్రే అమ్మకి ఫోనులో చెప్పాం. "కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం దిగేలోపే పదిసార్లు దణ్ణం పెట్టుకుంటాను నేను. నాకు గదులు కట్టించొద్దని చెప్పండి బాబుకి" అంది అమ్మ. ఆ అస్త్రం అలా వీగిపోయింది.

గిన్నె లెక్క

చెల్లెలు ఏమీ అనడం లేదు. "మీ ఇష్టం" అంటోంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు "మీ ఇష్టం" అన్నారంటే అందులో ఎన్ని అర్థాలుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ బల్ల సొరుగులో ఆమె ఒక నోటుబుక్కు పెట్టుకుంది. చాకలిపద్దు రాసినంత శ్రద్ధగా రెండు పడవల లెక్కలూ రాసింది. అది నాకు చూపించింది.

36 అడుగులంటే 27 కన్నా మూడోవంతే ఎక్కువ కదా అనుకుంటాం. కానీ మన వంటింట్లో గిన్నె సంగతి ఆలోచించండి. పొడవు, వెడల్పు, లోతు మూడు వైపులా మూడోవంతు పెంచారనుకోండి. పట్టే పాలు మూడోవంతు పెరగవు, రెట్టింపు దాటిపోతాయి. పడవలూ అంతే. చిన్నదాని బరువు సుమారు 3 టన్నులు. పెద్దది 6 టన్నులు. చిన్నదాని తెరచాపలు కలిపి 340 చదరపు అడుగులైతే పెద్దదానివి 550 పైన. ఆ గుడ్డకి పట్టే గాలినంతా లాగి కట్టాల్సింది మోకులతో, మనిషి చేతులతో.

పోనీ అంత బరువు పెరిగితే వేగమన్నా పెరుగుతుందా? ఇలాంటి పడవకి నీటిని తాకే పొడవు ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఎంత వేగంగా పోగలదో ఇంచుమించు తెలుస్తుందట. చిన్నదానికి ఆ పొడవు 22 అడుగులు. గంటకి 6.3 నాటికల్ మైళ్ళు. పెద్దదానికి 30 అడుగులు. గంటకి 7.3. అంటే 20 మైళ్ళ దూరంలో ఉన్న ఊరికి చిన్నది మూడు గంటల పది నిమిషాలకి చేరితే పెద్దది రెండు గంటల ముప్పావుకి చేరుతుంది. తేడా అరగంట కూడా లేదు!

ఇంకో సంగతి. చెసపీక్ చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గాని సగటు లోతు 21 అడుగులే. పాయల్లో మరీ తక్కువ. చిన్నదాని కీల్ నీటిలోకి 4 అడుగులు దిగుతుంది. పెద్దదానిది 5 దాటుతుంది. ఆ ఒక్క అడుగు తేడాతో కొన్ని అందమైన పాయల్లోకి పెద్దది వెళ్ళలేదు, వెళ్ళినా బురదలో కూరుకుపోతుంది.

ఖర్చంతా అడుగుల్లోనే

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు పడవ కొని చూడలేదేమో! కొనే ధర ఒక్కసారి ఇస్తే అయిపోతుంది. పోషణ ఏటేటా ఉంటుంది. అదీ అడుగుల లెక్కన.

పడవ కట్టుకునే చోటికి అద్దె అడుగుకింత. మా వాళ్ళు అడిగిన చోట ఏడాదికి అడుగుకి 100 డాలర్లు. చిన్నదానికి 2,700, పెద్దదానికి 3,600. చలికాలం ముందు క్రేనుతో ఎత్తి గట్టు మీద పెట్టడానికీ అడుగుకింతే. మళ్ళీ వసంతంలో దింపేముందు అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టకుండా మందు కలిసిన రంగు వెయ్యాలి. తెరచాపలు చిరిగితే చదరపు అడుగుల లెక్క. తెరచాప కొయ్యని నిలబెట్టే ఉక్కు తీగలు పాతబడితే మార్చాలి, లేకపోతే ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు. పెద్దదానికి ఆ తీగలూ లావే, వాటి ధరా లావే.

ఇవన్నీ మరిదికీ తెలుసు. అతను ఇంజనీరు. కానీ చెల్లెలి నోటుబుక్కులో చివరి పేజీలో ఉన్న లెక్క అతను వెయ్యలేదు. వాళ్ళిద్దరూ రెండు ఎండాకాలాలు ఒక క్లబ్బులో పడవ నడపడం నేర్చుకుని, అద్దెకి తీసుకుని తిరిగారు. ఆ రెండేళ్ళలో నీటి మీదకి వెళ్ళింది ఎన్ని రోజులు? 14. రాత్రి పడవలో పడుకున్నది? 3.

"మూడు రాత్రుల కోసం రెండు గదులు కొనాలా అక్కా?" అంది మెల్లగా.

"ఈ మాట అతనితో చెప్పావా?"

"చెప్తే, పడవ ఉంటే ఎక్కువసార్లు వెళ్తాం కదా అంటారు. అదీ నిజమే కావచ్చు కదా!"

దిండు పడిపోయింది

ఆ శనివారం పెద్దదాని యజమాని మమ్మల్ని తీసుకెళ్ళాడు. నిజం చెప్పొద్దూ, నాకు మతిపోయింది. కారుకున్నట్టు గుండ్రటి స్టీరింగు, దాని వెనక మా మరిది రాజులా నిలబడ్డాడు. ఓ గంట హాయిగా గడిచింది. తర్వాత గాలి పెరిగింది. పడవని అటు నుంచి ఇటు తిప్పాలి. తిప్పినప్పుడల్లా ముందు తెరచాప మోకుని రెండోవైపు రాటానికి చుట్టి, పిడి తిప్పుతూ బిగించాలి. అది చెల్లెలి పని. రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బరువు పెట్టింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మా చెల్లెలు ఐదడుగుల మనిషి. మరిది స్టీరింగు యజమాని చేతికిచ్చి పరిగెత్తుకొచ్చి మిగతా సగం బిగించాడు.

"నువ్వు కష్టపడకు, కిందకెళ్ళి కాస్త టీ పెట్టరాదూ" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

తను దిగింది. వెనకే నేనూ దిగాను. కింద వంటగది బ్రహ్మాండంగా ఉంది. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మాత్రం ఊయలలా ఊగుతూ తిన్నగా ఉంటుంది, టీ చుక్క కూడా ఒలకలేదు. అక్కచెల్లెళ్ళం ఇద్దరం గోడలు పట్టుకుని టీ తాగాం. చిన్న కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. మళ్ళీ వంటగదిలోకి రావడానికి ఇంత దూరం రావాలా అనిపించింది నాకు. పైకి అనలేదు.

మర్నాడు చిన్నది. ఎక్కగానే నా తల గుమ్మానికి కొట్టుకుంది. లోపల వంగి నడవాలి. మరుగుదొడ్డికి ఒక పల్చటి తలుపు, అంతే. గాలి నిన్నటిలాగే ఉంది కాని, ఊగుడు ఎక్కువ. నాకు కడుపులో తిప్పి, అల్లం మురబ్బా చప్పరిస్తూ ఒక మూల కూర్చున్నాను. దీనికి స్టీరింగు లేదు. చుక్కానికి బిగించిన కర్ర పిడి. యజమాని దాన్ని చెల్లెలి చేతికిచ్చాడు. మోకులు లాగింది తనే, పడవ తిప్పింది తనే. మనిషి మారిపోయింది. చిన్నప్పుడు కోటిపల్లి రేవులో సరంగు పక్కన నిలబడి అడ్డమైన ప్రశ్నలూ వేసిన పిల్ల మళ్ళీ కనిపించింది.

ఇంతలో మరిది కూర్చున్న దిండు తీసి నీళ్ళలో పడేశాడు. "అది నేననుకో. వచ్చి తీసుకో" అన్నాడు. తమాషాకి కాదు, పడవ నేర్పేచోట అందరిచేతా చేయించే అభ్యాసమే అది. తెరచాప పడవకి బ్రేకులుండవు. చుట్టూ తిరిగొచ్చి, గాలికి ఎదురుగా నిలిపి, సరిగ్గా ఆ మనిషి పక్కన ఆపాలి. చెల్లెలు మొదటిసారి దారి తప్పింది. రెండోసారి దిండుని దాటి వెళ్ళిపోయింది. మూడోసారి పడవ మెల్లగా వచ్చి దిండు పక్కన ఆగింది. కొక్కెం కర్రతో పైకి తీసింది. నా వాచీలో పదకొండు నిమిషాలు.

ఏప్రిల్లో ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే, కొద్ది నిమిషాల్లోనే మనిషి చేతులు పట్టు తప్పుతాయి. లైఫ్ జాకెట్ లేకపోతే అంతే సంగతులు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. చెల్లెలు తడిసిన దిండు ఒళ్ళో పెట్టుకుని, "నిన్న ఆ పెద్ద పడవలో పడేసుంటే?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేదు.

స్కూటీ అమ్మేసిన రోజు

ఆ రాత్రి చెల్లెలితో నా కథ ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

పెళ్ళయిన కొత్తలో నాకొక స్కూటీ ఉండేది. కూరలకీ, లైబ్రరీకీ, సాహిత్య సభలకీ దాని మీదే. తర్వాత కారు కొన్నాం. ఇంటిముందు రెంటికీ చోటు లేదని స్కూటీ అమ్మేశాం. "నీకెందుకు, ఎక్కడికంటే అక్కడికి నేను దింపుతాగా" అన్నారు మావారు. అన్నమాట ప్రకారం దింపుతూనే ఉన్నారు కూడా. కాకపోతే ఆయనకి తీరికున్నప్పుడు. కారు నేర్చుకోవాలనుకుంటూనే ఉన్నాను. అంత పెద్ద బండి, ఎక్కడ గీరుతానో అని భయం. క్రమంగా సభలకి వెళ్ళడం తగ్గింది. లైబ్రరీ కార్డు గడువు దాటింది. ఎవరూ నన్ను వెళ్ళొద్దనలేదు. ఇంట్లోకి పెద్ద బండి వచ్చింది, నేను వెనక సీటులోకి వెళ్ళాను. అంతే జరిగింది.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్న కాఫీ దగ్గర నోటుబుక్కు తెచ్చి మరిది ముందు పెట్టింది. "రెండు పడవల్నీ పరీక్ష చేయిద్దాం. దాని ఖర్చు నా జీతంలోంచి ఇస్తాను. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను" అంది.

కుండ కొట్టి చూసినట్టు

పాత పడవ కొనేముందు దాన్ని పరీక్షించడానికి సర్వేయర్లని ఉంటారు. వాళ్ళ రుసుమూ అడుగుల లెక్కే. ఆ సర్వేయరు ఒక చిన్న సుత్తి తీసుకుని పడవ ఒళ్ళంతా జానెడు జానెడుకీ తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉన్నచోట ఖణీమని మోగుతుంది. లోపల నీరు దిగి మెత్తబడినచోట బొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమూ, అదే! పడవ పైభాగంలో రెండు ఫైబర్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెడతారు చాలావాటికి. ఏ మేకు పక్కనుంచో వాననీరు దిగితే ఆ చెక్క లోలోపల కుళ్ళిపోతుంది. పైకి మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

పరీక్షలో పెద్ద పడవ నెగ్గింది. ఎక్కడా వంక లేదు. చిన్నదానికి తెరచాప కొయ్య మొదట్లో తలుపు పలకంత మేర బొద్దు చప్పుడు వచ్చింది. చెక్క తడిసింది. బాగుచేయిస్తే రెండు వేల డాలర్లపైనే.

చూశారా, కథల్లోలాగా మంచి అంతా ఒకవైపే ఉండదు! మరిది మొహం వెలిగింది. "చూశావా, మంచి పడవ పెద్దదే" అన్నాడు.

"మంచిదే, కాదనను" అంది చెల్లెలు. "నా ప్రశ్న అడుగుతాను. నడిబేలో మీకు ఏదైనా అయితే, నేను ఒక్కదాన్నీ మిమ్మల్నీ పిల్లనీ ఒడ్డుకి చేర్చగలిగేది ఏ పడవ?"

మరిది వెంటనే ఓడిపోలేదు. కరెంటుతో తిరిగే రాటాలు పెట్టించవచ్చన్నాడు. ముందు తెరచాప చుట్టుకుపోయే ఏర్పాటు ఉందిగా అన్నాడు. "సంసారం పెరుగుతుంది, రెండేళ్ళకి మళ్ళీ మార్చుకోవడం దండగ కదూ" అన్నాడు. అన్నీ నిజాలే. అప్పుడు చెల్లెలు, "మార్చుకుందాం. ఆ పెద్దదాన్ని నేనూ నడపగలిగిన రోజున మార్చుకుందాం. మీరొక్కరే నడిపే పడవలో నేను సామానుతో సమానం" అంది.

మరిది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "దిండు దాటిపోయినప్పుడు నాకూ భయమేసింది" అన్నాడు. వాళ్ళ పంచాయితీ అక్కడ తెగింది. బాగుచేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడిగి, 27 అడుగులదాన్నే కొన్నారు.

ఆడవాళ్ళకి చిన్నవే అని కాదు

ఇక్కడొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆడవాళ్ళకి చిన్న పడవే సరిపోతుందని నేను అనడం లేదు. మన నౌకాదళానికి తారిణి అనే తెరచాప పడవ ఉంది. పొడవు 56 అడుగులు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. అందులో విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య కూడా ఉన్నారు. ఆ తర్వాత 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకూ అదే తారిణిలో దిల్నా, రూప అనే అధికారులు ఇద్దరే భూమి చుట్టి వచ్చారు. వాళ్ళు ఆ పడవ ఎక్కింది ఏళ్ళ తరబడి శిక్షణ తర్వాత.

చిన్న పడవల సంగతీ తక్కువది కాదు. 1985లో తానియా ఎబీ అనే 18 ఏళ్ళ అమ్మాయి న్యూయార్క్ నుంచి 26 అడుగుల పడవలో ఒంటరిగా బయల్దేరి 1987లో ప్రపంచం చుట్టి వచ్చింది. ఆ పడవ పేరేమిటో తెలుసా? వరుణ! లిన్ పార్డీ, లారీ పార్డీ అనే భార్యాభర్తలు తమ చేతులతో కట్టుకున్న 24 అడుగుల పడవలో, ఇంజను కూడా లేకుండా ఏళ్ళ తరబడి సముద్రాల మీద తిరిగారు. తర్వాత కట్టుకున్న పెద్ద పడవ ఎంత? 30 అడుగులు కూడా లేదు.

కాబట్టి ఎన్ని అడుగులన్నది కాదు లెక్క. ఎక్కినవాళ్ళలో ఎంతమందికి నడపడం వచ్చన్నదే లెక్క.

పాత పడవ కొనేవాళ్ళకి చెల్లెలి నోటుబుక్కు నుంచి

* ధర కన్నా ముందు ఏడాది పోషణ లెక్క వెయ్యండి. కట్టుకునే చోటు, ఎత్తడం, దింపడం, రంగు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి.
* గాలి బాగా ఉన్న రోజున నడిపి చూడండి. గాలి లేనిరోజున ప్రతి పడవా మంచిదే.
* ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్ళు కలిశాయన్నమాట.
* నీళ్ళు లోపలికి, బయటికి పోయే కుళాయిలు అన్నీ చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయిన కుళాయి ప్రమాదం.
* అమ్మేవాళ్ళు చెప్పిన సర్వేయరుని కాదు, మీరు ఎంచుకున్న సర్వేయరుని పెట్టుకోండి.
* ఒక్కొక్కరూ విడిగా పడవని గట్టుకి చేర్చి చూడండి. దిండు పరీక్ష ఇద్దరూ చెయ్యాలి.

నేను తిరిగి వచ్చేశాక ఆగస్టులో చెల్లెలు ఫోను చేసింది. ఆ శనివారం మరిదికి ఆఫీసు పని పడితే, తనూ పిల్లా ఇద్దరే వెళ్ళి లంగరేసుకుని పులిహోర తిని వచ్చారట. గట్టుకి కట్టేటప్పుడు పడవ కొయ్యకి రాసుకుని జానెడు గీత పడిందట. "మీ మరిది ఏమన్నారో తెలుసా అక్కా? నేను గీసింది ఇంతకన్నా పొడుగే, నీకు చూపించలేదంతే అన్నారు" అని ఒకటే నవ్వు.

ఫోను పెట్టేశాక వీధిలోకి వెళ్ళి మా కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. అప్పటికే దానికి నాలుగు గీతలున్నాయి. ఒక్కటీ నేను గీసింది కాదు. ఆ సోమవారమే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మావారు, "నేను నేర్పేవాణ్ణిగా" అన్నారు. "మీకు తీరికున్నప్పుడు కదా" అన్నాను.

రివర్సు ఇంకా సరిగ్గా రావడం లేదు. లైబ్రరీ కార్డు మాత్రం మళ్ళీ కట్టించుకున్నాను.